మబ్బుల దీవిలో మూడు రాత్రులు

మా బావమరిది కొడుక్కి పెళ్లయి పదహారు రోజుల పండుగ తీరీ తీరకముందే కొత్త దంపతులు మాల్దీవులకు విమానం ఎక్కారు. వారం తిరక్కుండా వచ్చి ఫొటోలు చూపించారు. నీలపు గాజుపలకలాంటి నీళ్లు. ఆ నీళ్ల మీద గుంజలు పాతి కట్టిన గది. గది గుమ్మం నుంచి తిన్నగా సముద్రంలోకి నిచ్చెన. ఎంత వెదికినా ఆ ఫొటోలలో మూడో మనిషి జాడ లేదు.

"అక్కడ మనుషులెవరూ ఉండరా నాయనా?" అని అడిగింది మా ఆవిడ.

"అదే కదత్తయ్యా దాని గొప్ప! దీవి అంతా కలిపి ఒక్కటే హోటలు. వంటవాళ్లు, పనివాళ్లు తప్ప ఊరూ లేదు, పేరూ లేదు" అన్నాడు వాడు.

నిజమే. ఆ దేశంలో సుమారు 1,200 దీవులుంటే, జనం కాపురముండేవి 200కు లోపే. 1972లో మొదటి విడిది తెరిచిన నాటి నుంచి వాళ్లు పాటించిన పద్ధతి ఇదే. ఊళ్లున్న దీవులు ఊళ్లవాళ్లకు, ఊళ్లులేని దీవులు డబ్బిచ్చే అతిథులకు. జనం మధ్య ఇళ్లలో పరాయివాళ్లు బస చేయటానికి 2009 తరువాత గాని దారి ఏర్పడలేదు. అతిథి వెళ్లిపోయేవరకూ ఆ దేశం మనుషుల ముఖం చూడకుండానే వెళ్లిపోవచ్చు. అది సుఖమో, లోటో అనుభవించినవాళ్లు చెప్పాలి.

ఆ రాత్రి దీపం ఆర్పాక మా ఆవిడ అన్నది గదా: "మన పెళ్లయి ముప్పయ్యారేళ్లు. ఇన్నాళ్లలో ఇద్దరమే ఎక్కడికైనా పోయి మూడు రోజులు ఉన్నామా?"

ఉండలేదు. కాని సముద్రం మాట ఎత్తటానికి లేదు. మేముండేది విశాఖపట్నం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, రోజూ కనిపించే సముద్రం కోసం డబ్బు పోసి పరాయి దేశం పోవటమెందుకు? ఏకాంతం కావాలంటే కొండలున్నవి. అరకు పోదామన్నాను. ఈ సంగతి మర్నాటికల్లా మా బావమరిదికి చేరింది.

"ఎలాగూ పోతున్నావు గనక, బావా, అక్కడ ఒక స్థలం బేరానికి వచ్చిందిట, చూసి రా. నువ్వో సగం, నేనో సగం. నాలుగు గదులు వేసి అద్దెకిచ్చామంటే జన్మంతా కూర్చుని తినవచ్చు" అన్నాడు ఫోనులో.

దాచటమెందుకు, నాకూ ఆశ పుట్టింది. ఉద్యోగం విరమించినవాడికి కొండమీద ఒక ఇల్లు అనేది చెడ్డ కల ఏమీ కాదు.

తెల్లవారుతూనే కిరండూలు రైలెక్కాం. 2017 నుంచి ఈ రైలుకు అద్దాల పైకప్పు ఉన్న పెట్టె ఒకటి తగిలిస్తున్నారు. దానిలో చోటు దొరకలేదు, దొరకకపోవటమే మంచిదైంది. మామూలు పెట్టెలో కిటికీ తెరిచి ఉంటుంది, గాలి వస్తుంది, వేరుశనగలమ్మేవాడు వస్తాడు. కొత్తవలస, శృంగవరపుకోట దాటి, శివలింగపురం దగ్గరనుంచి రైలు కొండ ఎక్కటం మొదలుపెడుతుంది. ఇక చూసుకోండి: సొరంగం, వెలుగు, లోయ, మళ్లీ సొరంగం. ఈ మార్గంలో 58 సొరంగాలున్నవి. పెట్టెలోని పిల్లలు చీకటి పడగానే కేకలు పెట్టడం, వెలుగు రాగానే లెక్క తప్పామని పోట్లాడుకోవటం. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ... ఈ శిమిలిగుడ సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలోకెల్లా ఎత్తైనదని చాలాకాలం దీనికి పేరు.

ఇంత కష్టపడి కొండలు తొలిచి రైలు వేసింది మనబోటి షికారుగాళ్ల కోసం కాదు సుమా. బైలడిల్లా కొండల్లో ఇనుపరాయి ఉన్నది. జపానుకు ఆ రాయి కావలసి వచ్చింది. జపాను సహాయంతో 1960లలో ఈ లైను వేశారు. ఖనిజం విశాఖ రేవుకు దిగటానికి వేసిన దారిలో మనం ఎదురెక్కిపోతున్నాం. ఇప్పటికీ మన రైలు ఏ చిన్న స్టేషనులోనో ఆగి నిలుచుంటే, ఎర్రదుమ్ము కప్పుకున్న గూడ్సుబండి తాపీగా దిగిపోతూంటుంది. ఎవరికోసం వేసిన దారో ఆ బండికి తెలుసు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మా తాతగారి తరంలో మన్యానికి పోయి ఒక్క రాత్రి ఉండమంటే మైదానం మనుషులు వణికిపోయేవారు. పులికి కాదు, దోమకు. మన్యం జ్వరం అనేవారు దాన్ని. ఏజెన్సీకి బదిలీ అయిందంటే ఉద్యోగి ఇంట్లో ఏడుపులు. పొద్దువాలేలోగా కొండ దిగివచ్చేయాలని నియమం పెట్టుకున్న గుమాస్తాలుండేవారని మా నాయన చెప్పేవారు. ఆ జ్వరం చెడ్డగాలి వల్ల వస్తుందనే అప్పటి నమ్మకం. దాని క్రిమిని దోమ కడుపులో పట్టుకున్నది మన తెలుగు గడ్డమీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఆ పని చేశాడు. 1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మందు చల్లేవాళ్లు అడవిదారులు పట్టి గుడిసె గుడిసెకూ పోయారు. జ్వరం పూర్తిగా పోలేదు, తగ్గింది. జ్వరం తగ్గాక మనం ఎక్కాం.

అంటే, అంతవరకూ ఈ కొండల ఏకాంతాన్ని కాపాడిన పహరా దోమది! ఇప్పుడా పహరా ఎవరిదో మూడో రోజుకు గాని నాకు బోధపడలేదు.

మొదటి రాత్రి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. పేరు చెప్పను, చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ప్రభుత్వ పర్యాటక శాఖవారి బసలున్నవి. పద్మాపురం తోటలో చెట్లమధ్య ఎత్తున కట్టిన గదులూ ఉన్నవి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించటానికి వేసిన తోట అది. ఆ గదిలో ఉండాలని మా ఆవిడకు మహా కోరిక. మార్గశిరంలో, అందులోనూ శనాదివారాలలో, చోటు అడిగితే నవ్వారు. వలిసెపూలు పూసే రోజులు మరి. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. ఆ పసుపులో నిలబడి ఫొటో తీయించుకోవటానికి ఊళ్లకు ఊళ్లు తరలి వస్తాయి. నూనెగింజల చేను తొక్కేశారని రైతు గోల పెడతాడు. చేను గట్టున నిలబడి మనిషికింతని వసూలు చేసేవాళ్లను కూడా చూశాను. తప్పేమున్నది? తొక్కిన గింజ ఎలాగూ నూనె కాదు.

లాడ్జి ప్రకటనలో "ప్రశాంతత" అని అచ్చువేశారు. రాత్రి ఏడింటికి పెరట్లో నెగడు వేశారు. ఎనిమిదింటికి రెండు పెద్ద పెట్టెలలోంచి సినిమాపాటలు. తొమ్మిదింటికి ఒక జీపు వచ్చి ఆగింది, అందులోంచి ఒకే రంగు చీరలు కట్టిన పన్నెండుమంది ఆడవాళ్లు దిగారు. మోరి ఊదేవాడు, డప్పులవాళ్లు వెంట ఉన్నారు. థింసా అన్నారు. వీపుల వెనుక చేతులు పెనవేసుకుని, వంగుతూ లేస్తూ, పామల్లే మెలికలు తిరుగుతూ అడుగు వేస్తుంటే నిజంగానే ఒళ్లు పులకరించింది. అంతలో మా పక్కగది కుర్రాళ్లు గ్లాసులతో సహా వరుసలో దూరారు. వరుస తెగింది. ఆడవాళ్లలో ఒకమ్మాయి ఏమీ అనకుండా పక్కకు జరిగి, తెగినచోట మళ్లీ చెయ్యి కలిపింది. అరగంటలో ఆట ముగిసింది. జీపెక్కి మరో లాడ్జికి పోయారు. పాటలు మాత్రం రెండింటివరకూ మోగాయి.

తెల్లవారి మా ఆవిడ కళ్లు మంకెన పూలల్లే ఉన్నవి. గేటు దగ్గర చలిమంట కాచుకుంటున్న కాపలా మనిషితో మొర పెట్టుకున్నది. నడివయసు మనిషి, తలకు మఫ్లరు. అతను కాస్త ఆలోచించి అన్నాడు:

"మా ఊరొస్తారామ్మా? రెండు కొండలవతల. గది ఉంది. పట్నపోళ్లు అప్పుడప్పుడు ఉంటారు. మరుగుదొడ్డి కట్టించినాం. ఈ మోత ఉండదు. కోడి కూత ఉంటాది, అది మా చేతిలో లేదు."

మా ఆవిడ నా ముఖం చూడకుండానే సరేనన్నది.

బయలుదేరే ముందు స్థలం బేరగాడు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో నాలుగు ఫోనులు కాకపోయినా రెండున్నవి. లాడ్జి గోడ పక్కనే స్థలం. చూపించాడు. బాగున్నది, బాగాలేదంటే అబద్ధం. కిందికి వాగు, ఎదురుగా గాలికొండ, కోతకు వచ్చిన చోడిచేను. కాగితాల మాట అడిగాను.

"కాగితాలదేముంది సార్, ఒక గిరిజనుడి పేరున ఉంటాయి. ఆయన మన మనిషే. మీకూ ఆయనకూ విడిగా ఒప్పందం రాసుకుందాం. అందరూ అలాగే చేస్తున్నారు" అన్నాడు.

ఎందుకలా అంటే, ఇది షెడ్యూల్డు ప్రాంతం. ఇక్కడి భూమిని మీరూ నేనూ కొనటానికి లేదు. ఈ రక్షణ నిన్న మొన్నటిది కాదు. ఏజెన్సీని మామూలు చట్టాలనుంచి విడదీసి 1839లోనే ఒక చట్టం చేశారు. కొండవాళ్ల భూములు వడ్డీవ్యాపారుల పాలవుతున్నాయని 1917లో మరొకటి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో ఒక నిబంధన, దానికి 1970లో గట్టి సవరణ. జనం దీన్ని ముద్దుగా "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. ఈ సవరణ ప్రకారం గిరిజనేతరుడికి గిరిజనుడు అమ్మినా చెల్లదు, మరో గిరిజనేతరుడు అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే అది గిరిజనుడి దగ్గరనుంచే వచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతనే. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణ సరైనదేనన్నది.

అంతకన్న పెద్ద తీర్పు, మేము రైలులో దాటివచ్చిన బొర్రా ప్రాంతం నుంచే పుట్టింది. అక్కడి కొండల్లో గనులు తవ్వుకోవటానికి బయటివాళ్లకు ప్రభుత్వం కౌలు ఇస్తే, సమత అనే స్వచ్ఛందసంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమిని సైతం గిరిజనేతరులకు గనుల కౌలుకు ఇవ్వరాదని చెప్పింది. సర్కారు కూడా ఒక "వ్యక్తి"యే, ఆ చట్టానికి లోబడవలసిందే అన్నది తీర్పులోని మెలిక. ఒప్పందం రాసుకుందామన్న బేరగాడికి ఇదంతా తెలియదనుకోవద్దు. మనకన్న బాగా తెలుసు. అందుకే రెండు ఫోనులు.

ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆశ ఇంకా చావలేదు చూడండి.

ఊరికి జీపు కొంతదూరమే పోయింది. తరువాత కాలిబాట. కాపలా మనిషి మా పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. నేను వద్దన్నా వినలేదు. ఊరంటే ముప్పై నలభై ఇళ్లు, ఒకదానికొకటి ఆనుకుని రెండు వరుసలు. మట్టిగోడలకు ఎర్రజాజు, అడుగున నల్లని పట్టె, ముందు అరుగు. మా గదిలో నులకమంచం, రెండు దుప్పట్లు, దోమతెర. మా తాతగారి భయం గుర్తువచ్చి దోమతెరను ఒకటికి రెండుసార్లు సర్దుకున్నాను.

కాపలా మనిషి తల్లి ఎనభై ఏళ్ల మనిషి. ముక్కుకు బులాకీ, మోకాళ్ల కిందికి బిగించి కట్టిన చీర. మాతో తెలుగు, ఇంట్లోవాళ్లతో ఒడియా కలిసిన భాష. మా ఆవిడ చేతిని తన రెండు చేతులలోకి తీసుకుని, "బక్కచిక్కిపోనావమ్మా" అన్నది. మా ఆవిడను ఆ మాట అన్నవాళ్లు గత పాతికేళ్లలో ఎవరూ లేరు. ఆ క్షణంలో ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది.

తిండి సంగతి చెప్పకుండా ఉండలేను. పొద్దున్నే చోడి అంబలి. మధ్యాహ్నం అడ్డాకు విస్తరిలో సామల అన్నం, కొండకందిపప్పు, అడవిలో ఏరిన ఆకుకూర. రాత్రి, పచ్చి వెదురుబొంగులో కోడిమాంసం కూరి, మూతికి ఆకులు దట్టించి, మంటలో పొర్లించి, బొంగు చీల్చి వడ్డించారు. రోడ్డుపక్క బల్లలమీద అమ్మే బొంగు చికెన్ నేను విశాఖలోనూ తిన్నాను. అందులో మసాలా తిన్నాను, దీనిలో కోడిని తిన్నాను. జీలుగు కల్లు కూడా రుచి చూశానని రాస్తే మా బావమరిది భార్య చదువుతుంది గనక ఆ సంగతి వదిలేస్తున్నాను.

ఇంటి వెనుక కొండవాలున కాఫీతోట. తోట అనగానే వరసలు, కంచెలు ఊహించుకోకండి. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, నీడలో ఛాతీ ఎత్తున కాఫీమొక్కలు. చూడటానికి అడవిలాగే ఉంటుంది. తూర్పుకనుమల్లోకి కాఫీని తెల్లదొరలు 1898లో తెచ్చారు, గోదావరి మన్యంలోని పాములేరు లోయకు. అక్కడినుంచి ఈ కొండలకు పాకింది. ఏప్రిల్ వానకు తెల్లగా మల్లెపూల వాసనతో పూసి, కార్తిక మార్గశిరాలకు ఎర్రబడుతుంది. పచ్చికాయ ముట్టరు, ఎర్రకాయే ఒక్కొక్కటీ గిల్లుతారు. అందుకని ఒకే మొక్క దగ్గరికి మూడు నాలుగుసార్లు రావాలి. ఇంటి కోడలు గంటకు బుట్ట నింపింది. మేమిద్దరం కలిసి గంటసేపు కోసి దోసెడు తెచ్చాం. అందులోనూ ఆమె సగం పచ్చివని ఏరి పారేసింది. కోసిన రోజే తొక్క తీసి, కడిగి, ఆరబెట్టాలి. నిలవ ఉంటే పులుస్తుంది, ధర పడిపోతుంది.

ఈ అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్లముందే, 2017లో, పారిస్ నగరంలో అరకు పేరుతోనే కాఫీదుకాణం తెరిచారు. ఆ మాట చెబితే ముసలమ్మ, "అక్కడా చలేనా?" అని అడిగింది. చలేనన్నాను. "అయితే తాగుతారు" అన్నది. ఆమె మాత్రం కాఫీ తాగదు. మాకోసం కాచింది బెల్లంతో. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ గింజలు కొంటుందట, తూకం రాసి ఇస్తుందట. అది రాకమునుపు షావుకారి తూకం ఎలాగుండేదో ఆమె చేతితో చేసి చూపించింది. బొటనవేలితో త్రాసుపళ్లెం నొక్కినట్టు. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు.

రెండో రాత్రి నిశ్శబ్దం. నిశ్శబ్దమంటే ఏమీ వినిపించకపోవటమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎక్కడో వాగు, పశువుల మెడలో చెక్కగంట, చాలాదూరాన ఖనిజం మోసుకుపోయే గూడ్సుబండి కూత. మా ఆవిడ పది నిమిషాల్లో నిద్రపోయింది. నేను చాలాసేపు మేలుకుని ఉన్నాను, వినటానికి.

నాలుగింటికి కాపలా మనిషి లేపాడు. టార్చిలైటుతో కొండ ఎక్కాం. మాడగడ దగ్గర జనం జాతరగా చేరి చూసే దృశ్యమే ఇది. ఈ కొండమీద మేం ముగ్గురమే. తూర్పు తెల్లబడేసరికి కింద లోయ లేదు. ఊళ్లు లేవు, రోడ్డు లేదు, లాడ్జి లేదు. తెల్లని మబ్బు అంచు నుంచి అంచు దాకా నిండుకుని, కొండశిఖరాలు మాత్రం పైకి తేలి ఉన్నవి. ఎండ తగలగానే మబ్బు అంచులు కదిలాయి, అచ్చంగా కెరటాలల్లే. "మన మాల్దీవులు" అన్నది మా ఆవిడ నెమ్మదిగా.

గంటలో మబ్బు కరగటం మొదలుపెట్టింది. మొదట ఒక తాటిచెట్టు తల, తరువాత పొగ, తరువాత ఇంటికప్పు, మేకల్ని తోలుకుపోతున్న పిల్లవాడు. ఏ దీవి కిందా ఊరు లేకుండా లేదు.

అప్పుడే, దూరాన కనిపిస్తున్న లాడ్జి రేకుల కప్పును చూపించి కాపలా మనిషి చెప్పాడు, ఏదో పొరుగింటి సంగతి చెప్పినట్టు:

"ఆ జాగా మా అయ్యదే బాబూ. చోళ్లు పండేవి. కాగితంలో ఇప్పుడూ మా అన్న పేరే ఉంది. ఆడు యజమాని, నేను ఆడి గేటుకాడ జీతగాణ్ణి" అని నవ్వాడు.

"మీ అన్నకు బాడుగ ఇస్తారా?"

"సంతకం నాడు ఇచ్చినారు. తరవాత్తరవాత... అడిగితే నీ సంతకం ఉందంటారు."

"ఆ పక్క చోడిచేను?"

"మా చిన్నాయనది. దానికీ ఎవరో పట్నపోళ్లు వచ్చినారంట."

నేను మబ్బులవైపు చూస్తూ ఉండిపోయాను. నా చొక్కాజేబులో బేరగాడి చీటీ ఉన్నది. మా ఆవిడ నన్ను చూస్తున్నదని తలతిప్పకుండానే తెలిసింది.

కాస్సేపటికి నోరు పెగుల్చుకుని, ఇటువంటి కేసులు విచారించటానికి ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు ఉంటాడనీ, భూమి తిరిగి ఇప్పించే అధికారం ఆయనకున్నదనీ, మీ జిల్లా కేంద్రం 2022 నుంచి పాడేరే గనక విశాఖకు పరుగెత్తనక్కరలేదనీ నాకు తెలిసినంత చెప్పాను. అతను అన్నీ విని, "అన్న భయపడతాడు బాబూ. కేసంటే పనొదులుకు తిరగాల. నా జీతమూ పోద్ది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. చట్టం కాగితం మీద పహరా కాస్తున్నది. కాగితం మీదనే యజమాని ఉన్నాడు. గేటు దగ్గర మనిషికి నెల తిరిగేసరికి జీతం కావాలి.

ఆ సాయంత్రం ఒక సంగతి జరిగింది. అతని కూతురు కాలేజీనుంచి ఇంటికి వచ్చింది. చూడగానే గుర్తుపట్టాం. లాడ్జిలో తెగిన వరుసను మళ్లీ కలిపిన పిల్ల. మా ఆవిడ నొచ్చుకుంటూ, "ఆ తాగుబోతుల మధ్య ఎందుకమ్మా ఆడటం?" అన్నది. ఆ పిల్ల ముఖం కాస్త బిగిసింది. "హాస్టలు ఖర్చులు దాంతోనే అండీ. అయినా అక్కడ ఆడేది మాకు లెక్కలోకి రాదు. మా ఆట చైత్రంలో" అన్నది. చైత్రమాసపు ఇటుకల పండుగలో ఒక ఊరివాళ్లు మరో ఊరికి పోయి ఆడతారనీ, వచ్చినవాళ్లకు ఆ ఊరు విందు పెడుతుందనీ, మరుసటిసారి వీళ్లు వాళ్లకు పెట్టాలనీ వివరించింది. జాలి పడబోయి భంగపడ్డాం మేం. ముసలమ్మ లేచి, మా ఆవిడ చెయ్యి పట్టి అరుగు దింపి, అడుగు నేర్పటం మొదలుపెట్టింది. ఒకటి ముందుకు, రెండు పక్కకు, నడుము వంచు. మా ఆవిడ మోకాలినొప్పుల మనిషి. రెండు చుట్లు తిరిగింది. ఎవరూ ఫొటో తీయలేదు. నాకు తీయాలని తోచలేదు.

మర్నాడు బయలుదేరాం. మూడు పూటల భోజనం, రెండు రాత్రుల బస కలిపినా లాడ్జిలో ఒక్క రాత్రికి ఇచ్చిన దానికన్న తక్కువే అడిగారు. ఎక్కువ ఇవ్వబోతే కోడలు లెక్కపెట్టి, పైది తిరిగి ఇచ్చేసింది. "వచ్చే ఏడు వచ్చినప్పుడు ఇద్దురు" అన్నది. మా సంచిలో మాత్రం మేం చూడకుండా పసుపుకొమ్ములు, గుప్పెడు మిరియాలు పెట్టారు. అవి ఇంటికి వచ్చాక బయటపడ్డాయి.

దిగేటప్పుడు రైలులో కిటికీ పక్కన చోటు దొరికింది. అనంతగిరి కొండలు దాటుతూండగా బావమరిది ఫోను చేశాడు.

"ఏం బావా, స్థలం చూశావా? ఎలా ఉంది?"

"చూశాను. అందులో చోడిచేను ఉంది" అన్నాను.

"కోతలయ్యాక ఇస్తారటలే. అది కాదు, మిగతాది ఎలా ఉంది?"

ఇంతలో సొరంగం వచ్చింది, మాట తెగిపోయింది. వెలుగులోకి వచ్చాక మళ్లీ మోగింది. ఈసారి మా ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసుకుని, "అన్నయ్యా, మనం కొనటం లేదు. వచ్చే చైత్రంలో వదినా నువ్వూ మాతో రండి, ఒక ఇంట్లో గది చెప్పి వచ్చాను" అన్నది.